అమ్మీ మళ్లీ పాఠం చెప్పింది

అమ్మీ మాతో కలిసి దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవడం ఎప్పుడు మానేసిందో మాకు గుర్తు లేదు. ఇఫ్తార్ వేళ అందరికీ ఖర్జూరాలు పంచి, పండ్లముక్కలు అందించి, 'మీరు తినండి, నాకు వంటింట్లో పని ఉంది' అని లోపలికి వెళ్లిపోయేది. మేము ఆ మాట నమ్మాము. పిల్లలకు వడ్డించి చివర తినడం అమ్మలకు అలవాటే కదా అనుకున్నాము. రెండేళ్ల క్రితం రమజాన్ నెలలో ఒక సాయంత్రం మా ఇంటి ఏడేళ్ల పాప అమాయకంగా అడిగింది: 'దాదీ పళ్లు గిన్నెలో పెట్టి ఎందుకు తింటుంది?'

మేము నలుగురం సంతానం. ముగ్గురు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. ఆ ప్రశ్న విని నలుగురమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. వంటింట్లోకి వెళ్లి చూస్తే అమ్మీ పాలలో నానబెట్టిన రొట్టెను వేళ్లతో మెదిపి మింగుతోంది. పక్కన స్టీలు గిన్నెలో ఆమె కింది పళ్ల సెట్టు ఉంది. మమ్మల్ని చూసి కొంగుతో నోరు కప్పుకుంది. మా తల్లి మా ముందు నోరు కప్పుకోవలసి రావడం మమ్మల్ని తలదించుకునేలా చేసింది.

అంతకన్నా పెద్ద సంగతి మరొకటి ఆ రాత్రే బయటపడింది. నంద్యాలలోని మా వీధి ఆడపిల్లలకు అమ్మీ ముప్పై ఏళ్లుగా ఖుర్ఆన్ పఠనం నేర్పేది. అలీఫ్, బే దగ్గర మొదలుపెట్టిన పిల్లలు ఖుర్ఆన్ పూర్తి చేసి, పెళ్లిళ్లై వెళ్లి, తమ కూతుళ్లను కూడా ఆమె దగ్గరికే పంపేవారు. ఏడాదిగా ఆ పాఠాలు ఆగిపోయాయి. మోకాళ్ల నొప్పి అని అందరికీ చెప్పింది. అసలు కారణం నోరు. 'సే, సీన్, సాద్ మూడూ నా నోట ఒకటే అయిపోతున్నాయి, బేటా. తప్పు పలికి పిల్లలకు తప్పు ఎలా నేర్పను?' అన్నది. సెట్టు జారిపోకుండా పట్టుకోవడంలోనే నాలుక సగం పని అయిపోతే, అక్షరానికి తగిన చోట ఆనడానికి దానికి తీరికెక్కడిది?

పై సెట్టుతో ఆమెకు ఇబ్బంది లేదు. అంగిలి వెడల్పుగా ఉంటుంది కనుక పై సెట్టు దానికి అంటుకుని నిలుస్తుంది. కింది దవడకు అటువంటి ఆధారం లేదు. గుర్రపు నాడాలాంటి సన్నని గట్టు, దాని మధ్య ఎప్పుడూ కదిలే నాలుక. పైగా పన్ను ఊడిన చోట ఎముకకు పని ఉండదు. పని లేని ఎముక ఏటేటా అరిగిపోతుంది. సెట్టు పెట్టించుకున్న కొత్తలో ఉన్న గట్టు కొన్నేళ్లకు ఉండదు. గట్టు తగ్గేకొద్దీ సెట్టు వదులవుతుంది. అంగడిలో దొరికే అతుకు పొడి వాడినా అది ఒక పూట ముచ్చటే.

ఇంప్లాంట్ల మాట మాకు తెలియనిది కాదు. కానీ మా ఇంట్లో ఆ మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం లేదు. అందుకు కారణం మా పెద్ద మామూ. ఎనిమిదేళ్ల క్రితం ఒక ఊళ్లో ఆయన కింది దవడ వెనుక భాగంలో రెండు ఇంప్లాంట్లు వేయించుకున్నారు. మామూలు ఎక్స్‌రే ఒకటి తీసి, దాన్ని చూసే వేశారు. మత్తు దిగిపోయినా పెదవికి మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. కింది దవడ ఎముక లోపల ఒక సొరంగంలాంటి దారి ఉంటుంది. అందులోంచి సాగే నరం ముందరి పళ్లకు కాస్త వెనుకగా బయటికి వచ్చి, కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇస్తుంది. ఇంప్లాంటు కొన ఆ నరాన్ని నొక్కింది. వేసిన ఇంప్లాంటును తీసివేసినా నరం పూర్తిగా కోలుకోలేదు. ఈనాటికీ టీ తాగుతూ గడ్డం మీద పడిన చుక్క ఆయనకు తెలియదు. పక్కనున్నవారు రుమాలు అందించాలి. ఆ రుమాలు చూసినప్పుడల్లా అమ్మీ, 'నా గతి అల్లాహ్‌కు తెలుసు. నాకు సూది వద్దు, కత్తి వద్దు' అనేది.

ఈద్ తర్వాత ఆమెను బతిమాలి కర్నూలులో ఒక దంతవైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లాము. వైద్యానికి కాదు, మాట్లాడి రావడానికి మాత్రమే అని ఒప్పించాము. మామూ కథ విన్న తర్వాత ఆ డాక్టరమ్మ ఎవరినీ నిందించలేదు. ఒక ఎక్స్‌రే ఫిల్మును, కంప్యూటరు తెరను పక్కపక్కన పెట్టి చూపించారు. ఫిల్ములో దవడ పొడవు, ఎత్తు తెలుస్తాయి. అవి కూడా కొంత పెద్దవిగా కనబడతాయి. ఎముక ఎంత మందంగా ఉందో, లోపలివైపు ఎక్కడ గుంటపడిందో ఫిల్ము చెప్పదు. సి.బి.సి.టి. అనే స్కాన్ తల చుట్టూ ఒకసారి తిరిగి దవడను మూడు కొలతల్లోనూ చూపుతుంది. సాధారణ సి.టి. స్కాన్‌తో పోలిస్తే ఇందులో కిరణాల మోతాదు కూడా చాలావరకు తక్కువే. నరం దారిని తెరపై రంగు గీతతో గుర్తించవచ్చు. 'అమ్మా, ముందు చూద్దాం. చూసిన తర్వాత వద్దనిపిస్తే వద్దనే అనండి' అన్నారు. 'చూస్తే నొప్పి లేదు కదా' అని అమ్మీ ఒప్పుకుంది.

అయితే ఆమె మొదట వేసిన ఆజ్ఞ స్కాన్ కాదు, రక్తపరీక్ష. మూడు నెలల సగటు చక్కెర తొమ్మిది దాటి ఉంది. 'కంప్యూటరు ఎముకను చూపుతుంది. గాయాన్ని మాన్పేది మీ శరీరమే. చక్కెర అదుపులోకి వచ్చాకే మిగతా మాట' అని తిప్పి పంపారు. మందులు మారాయి, నడక మొదలైంది, టీలో చక్కెర పోయింది. ఏడుకు కాస్త పైకి దిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలల్లో మేము ఈ వైద్యం గురించి దొరికినదల్లా చదివాము. స్వీడన్ దేశపు శాస్త్రవేత్త పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి టైటానియం పరికరాన్ని అమర్చారు. పని ముగిశాక తీయబోతే అది రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది. ఆ అనుభవంలోంచే నేటి ఇంప్లాంటు పుట్టింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే వ్యక్తికి ఆయన తొలిసారి టైటానియం ఇంప్లాంట్లు వేశారు. అతనికీ మా అమ్మీ లాగే కింది దవడలో పళ్లు లేవు. 2006లో మరణించే వరకు ఆ ఇంప్లాంట్లు అతనికి పనిచేస్తూనే ఉన్నాయి.

ఇంకా వెనక్కి వెళితే మన చరిత్రలోనే ఒక మహావైద్యుడు కనబడ్డారు. స్పెయిన్‌లోని ఖుర్తుబా నగరం చెంత జీవించి 1013లో మరణించిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ. ముప్పై భాగాల 'అత్తస్రీఫ్' గ్రంథంలో చివరి భాగాన్ని ఆయన పూర్తిగా శస్త్రచికిత్సకే కేటాయించారు. కదులుతున్న పళ్లను బంగారు తీగతో కట్టడం, ఊడిన పన్ను స్థానంలో ఎద్దు ఎముకతో చెక్కిన పన్ను అమర్చడం అందులో వర్ణించారు. మమ్మల్ని ఆపింది మాత్రం ఆ భాగపు ఉపోద్ఘాతం. శరీర నిర్మాణం తెలియకుండా కత్తి పట్టినవారి చేతుల్లో రోగులు ప్రాణాలు కోల్పోయిన సంఘటనలను ఆయన అక్కడ పేర్కొని, ముందు అవయవాల నిర్మాణాన్ని నేర్చుకోమని వైద్యులను హెచ్చరించారు. నరాలు, నాళాలు ఎక్కడున్నాయో తెలిశాకే చేయి వేయాలన్నది వెయ్యేళ్ల నాటి జాగ్రత్త. ఆయన కాలంలో ఆ జ్ఞానం పుస్తకాల నుంచి, అనుభవం నుంచి రావలసి ఉండేది. ఈనాడు ఫలానా మనిషి దవడలో ఫలానా నరం ఎక్కడుందో ఆ మనిషి ఎదుటే చూడగలుగుతున్నాము.

చక్కెర దిగాక స్కాన్ రోజు వచ్చింది. పళ్లు ఉన్నవారికైతే నోటిలో చిన్న కెమెరా తిప్పి పళ్ల ఆకారాన్ని తీసుకుంటారట. శస్త్రచికిత్స నాడు గైడ్ ఆ పళ్లమీదే కూర్చుంటుంది. అమ్మీకి పళ్లు లేవు కనుక వేరే పద్ధతి. ముందు ఆమె కింది సెట్టు అడుగుభాగాన్ని చిగురుకు సరిగా ఆనేలా సరిచేశారు. తర్వాత ఆ సెట్టుకు అక్కడక్కడ స్కాన్‌లో తెల్లగా కనబడే చిన్న చుక్కలు అమర్చారు. సెట్టు నోట్లో పెట్టి ఒక స్కాన్, సెట్టును విడిగా పెట్టి మరొక స్కాన్. రెండింటిలోని చుక్కలను కంప్యూటరు ఒకదానిపై ఒకటి సరిపోల్చింది. అప్పుడు తెరమీద ఎముక, ఎముక మీద చిగురు, చిగురు మీద రావలసిన పళ్లు అన్నీ ఒకే చోట కనబడ్డాయి. గిన్నెలో దాచిపెట్టిన ఆ సెట్టే ఇప్పుడు దారి చూపే పటమైంది.

డాక్టరమ్మ కుర్చీని తెరవైపు తిప్పి అమ్మీని కూర్చోబెట్టారు. పళ్లన్నీ పోయిన కింది దవడకు ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు వేసి, వాటికి సెట్టును ప్రెస్ బటన్‌లా తగిలిస్తే చాలునని, 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరిన నిపుణులు కూడా ఇటువంటి రోగులకు ఈ పద్ధతినే మొదటి ఎంపికగా సూచించారని వివరించారు. ఎముకలో రెండు వైపులా సాగే నరాన్ని ఎర్ర గీతతో చూపారు. 'మీ అన్నగారికి ఇబ్బంది వచ్చింది ఈ దారిలో. మనం దీనికి ముందుగానే ఆగిపోతున్నాం' అన్నారు. నరం నుంచి కనీసం రెండు మిల్లీమీటర్ల దూరం పాటించాలన్నది నియమమట. అమ్మీ విషయంలో ఇంకా ఎక్కువే మిగిలింది.

తర్వాత తెరమీద 12 మిల్లీమీటర్ల ఇంప్లాంటు బొమ్మను ఎడమవైపు నిలిపి, ఎముకను అడ్డంగా కోసినట్టు చూపారు. ఇంప్లాంటు కొన ఎముక లోపలివైపు గుంటలోంచి బయటికి పొడుచుకు వచ్చింది. 'ఇది చూశారా? పైనుంచి చూస్తే ఇక్కడ ఎముక బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. లోపల గుంట ఉంది. ఆ గుంట పక్కనే నాలుక కిందికి వెళ్లే రక్తనాళాలు ఉంటాయి. డ్రిల్లు అవతలికి పోతే నాలుక కింద రక్తం నిండి ఊపిరికే అడ్డం రావచ్చు.' మేము బిగుసుకుపోయాము. ఆమె మౌస్ కదిపి ఇంప్లాంటును కాస్త వంచారు, 12కు బదులు 10 మిల్లీమీటర్లది ఎంచారు. చుట్టూ ఎముకే కనబడింది.

అమ్మీ చాలాసేపు తెర చూస్తూ ఉండిపోయింది. 'ఇందాక పొడుచుకు వచ్చింది బొమ్మలోనే కదా?' అని అడిగింది. 'బొమ్మలోనే, అమ్మా' అన్నారు డాక్టరమ్మ. 'అయితే వేయండి' అన్నది మా అమ్మీ. ఎనిమిదేళ్లుగా మా మాటలేవీ తీర్చలేని భయం ఆ ఒక్క జవాబుతో సగం తీరింది. ఈ పద్ధతి వల్ల రోగికి కలిగే మేళ్లలో మేము అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే: జరగగల పొరపాటు తెరమీద బయటపడింది, మా తల్లి దవడలో కాదు. తన శరీరం మీద ఏం జరగబోతోందో ఆమె కళ్లారా చూసి, అడిగి, తానే సమ్మతించింది.

మరొక ప్రశ్న మేమే అడిగాము. ఎముక చాలనిచోట వేసే ఎముక పొడి గురించి. అది కొన్నిసార్లు రోగి సొంత ఎముక నుంచి, కొన్నిసార్లు మానవ దాతల నుంచి, పశువుల నుంచి, పంది నుంచి కూడా తయారవుతుందని, కృత్రిమంగా చేసినదీ ఉందని ఆమె దాపరికం లేకుండా చెప్పారు. పైన కప్పే పల్చని పొరలకూ ఇదే వర్తిస్తుంది. అమ్మీకి ఉన్న ఎముకలోనే ఇంప్లాంట్లకు చోటు దొరికింది కనుక పొడి అవసరమే రాలేదు. ఉన్న ఎముకను పూర్తిగా వాడుకునే కోణం ముందుగా వెతకగలగడం వల్ల ఇలా కొందరికి ఆ అదనపు శస్త్రచికిత్స తప్పుతుంది. అందరికీ తప్పదు. మన ఇళ్లలో ఎవరికైనా అవసరం పడితే, అది దేనితో తయారైందో ముందే అడగడానికి సంకోచించవద్దు. అడిగితే వేరే మార్గం చూపుతారు.

ఆ ప్రణాళిక ప్రకారం త్రీడీ ప్రింటరుతో ఒక పారదర్శకమైన తొడుగు చేశారు. దాన్నే సర్జికల్ గైడ్ అంటారు. చూడడానికి పళ్ల సెట్టులాగే ఉంటుంది, కానీ పళ్లకు బదులు రెండు లోహపు వలయాలు. డ్రిల్లు ఆ వలయంలోంచే దిగాలి. కోణం తప్పడానికి తావు తక్కువ. నిర్ణయించిన లోతు రాగానే ముందుకు పోకుండా అడ్డు ఉంటుంది.

శస్త్రచికిత్స నాడు అమ్మీ ఫజ్ర్ నమాజు తర్వాత చాలాసేపు దుఆ చేసుకుంది. స్థానికంగా మత్తు ఇచ్చి, గైడ్‌ను నోట్లో కూర్చోబెట్టి, కదలకుండా సన్నని పిన్నులతో ఎముకకు బిగించారు. చిగురును నిలువునా కోసి తెరవలేదు. రెండు చోట్ల గుండ్రంగా కాస్త తీశారంతే. చల్లని సెలైన్ పోస్తూ, ఆగి ఆగి డ్రిల్లు నడిపారు. ఎముకకు 47 డిగ్రీల వేడి ఒక నిమిషం తగిలినా దెబ్బతింటుందట, అందుకే ఆ నీరు, ఆ నెమ్మది. ముప్పావు గంటలో ముగిసింది. కుట్లు పడలేదు. మత్తు దిగగానే అమ్మీ చేసిన మొదటి పని, వేలితో కింది పెదవిని గిల్లుకోవడం. 'తెలుస్తోంది, అల్‌హమ్దులిల్లాహ్' అన్నది. వరండాలో కూర్చున్న మామూ ఆ మాట విని రుమాలుతో కళ్లు తుడుచుకున్నారు.

వాపు స్వల్పంగా వచ్చి రెండు రోజుల్లో పోయింది. మధుమేహం ఉన్నవారికి గాయం ఎంత చిన్నదైతే అంత మేలు. మొదటి రోజు గట్టిగా పుక్కిలించవద్దన్నారు. వుజూ సంగతి మా మసీదు మౌల్వీ సాహెబ్‌ను అడిగితే, గాయానికి హాని కలిగే చోట ధర్మం సౌలభ్యమే ఇచ్చిందని చెప్పి పంపారు. ఎముక ఇంప్లాంటును పట్టుకోవడానికి మూడు నెలలు ఆగాము. కంప్యూటరు ఈ నిరీక్షణను తగ్గించలేదు. అది శరీరపు లెక్క. తర్వాత సెట్టు అడుగున రెండు బటన్లు అమర్చారు. నొక్కితే టక్కున కూర్చుంటుంది, రాత్రి తీసి కడుక్కోవచ్చు.

ఇంత చెప్పాక, దీని హద్దులు చెప్పకపోవడం న్యాయం కాదు. ఈ పద్ధతి ఖర్చు కొంత పెంచింది. స్కాన్‌కు, గైడ్‌కు కలిపి మాకు అదనంగా పడినది బక్రీద్‌కు కొనే ఒక మంచి మేకపోతు ధర. గైడ్ తప్పు చేయదనుకోవడం కూడా పొరపాటే. ప్రణాళికకు, జరిగిన పనికి మధ్య సగటున ఒక మిల్లీమీటరుకు కాస్త పైగానే తేడా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. పళ్లమీద ఆనే గైడ్ కన్నా చిగురు మీద ఆనేదానికి కదిలే అవకాశం ఎక్కువ. రెండు మిల్లీమీటర్ల జాగా వదలడం అందుకే. స్కాన్ సమయంలో సెట్టు పక్కకు జరిగి ఉంటే, ఆ పొరపాటు గైడ్‌లోకీ, అక్కడినుంచి ఎముకలోకీ పోతుంది. నోరు బాగా తెరవలేనివారికి గైడ్‌తో పొడవాటి డ్రిల్లు పట్టదు. గైడ్ అడ్డంగా ఉన్నప్పుడు చల్లని నీరు ఎముక దాకా చేరుతోందో లేదో వైద్యుడు ప్రత్యేకంగా చూసుకోవాలి. పొగతాగేవారికి, చక్కెర అదుపులో లేనివారికి, ఎముకల బలానికి కొన్ని రకాల మందులు వాడుతున్నవారికి ఉండే ప్రమాదం ఏ కంప్యూటరుతోనూ తొలగదు. వాడే మందులన్నీ వైద్యునికి ముందే చెప్పాలి. అన్నిటికీ మించి, పరికరం అనుభవానికి బదులు కాదు. గైడ్ సరిగా కూర్చోకపోతే దాన్ని పక్కన పెట్టి ఆగగలిగిన చేయి కావాలి.

అందుకే ఈ వైద్యానికి వెళ్లే కుటుంబాలకు మేము చెప్పగలిగినది కొంచెమే. స్కాన్ తీశారా అని మాత్రమే కాక, ఆ స్కాన్ మీద వేసిన ప్రణాళికను మీకు చూపమని అడగండి. నరం ఎక్కడ, ఇంప్లాంటు కొన ఎక్కడ, మధ్య ఎంత దూరం అని అడగండి. పెద్దవారిని గది బయట కూర్చోబెట్టి వారి తరఫున మీరే తలూపకండి. తెరను వారివైపు తిప్పమనండి. ఆ దవడ వారిది.

మొన్నటి రమజాన్‌లో తొలి ఇఫ్తార్‌కు అమ్మీ మా మధ్యనే కూర్చుంది. ఖర్జూరం కొరికి, గింజ తీసి పళ్లెంలో వేసింది. ఎవరమూ ఏమీ అనలేదు. అంటే ఎక్కడ మళ్లీ వంటింట్లోకి లేచి వెళుతుందోనని మా బెరుకు. ఆమె నోరు కప్పుకోవడానికి మా ఇంటికే ఒక చిన్నపిల్ల ప్రశ్న కావలసి వచ్చిందన్న సిగ్గు ఇంకా మాలో ఉంది. మీ ఇంట్లో కూడా చివర తినేవారు ఎవరైనా ఉంటే, ఒక రోజు వంటింట్లోకి వెళ్లి వారి పళ్లెం చూడండి.

ఈద్ తర్వాతి సోమవారం మా వసారాలో చాప పరచుకుంది. అయిదుగురు ఆడపిల్లలు వచ్చారు. వారిలో మా పాప ఒకతె. పాప 'సాద్'ను 'సీన్'లా పలికింది. అమ్మీ ఆపి, నాలుక ఎక్కడ ఆనాలో నోరు తెరిచి చూపించి, తాను మూడుసార్లు పలికి, మళ్లీ మొదటి నుంచి చదవమన్నది.